ఈగబోను శీతనిద్ర

“ఇది చచ్చిపోయిందా, బతికే ఉందా?” అను ప్రశ్న మనిషిని గూర్చి పుట్టినచో వైద్యుడు నాడి పట్టి, గుండెపై గొట్టముంచి, క్షణములో సమాధానము చెప్పగలడు, కాని ఒక మొక్కను ఎదుట పెట్టి అదే ప్రశ్న వేసినప్పుడు, వృక్షశాస్త్రమును చిరకాలము బోధించి జీతము పుచ్చుకొన్నవాడు సైతము కొంతసేపు తడుముకొనక తప్పదు. ఆ తడుములాట నాకొక డిసెంబరు మాసమున, అమెరికాలోని ఉత్తర కరొలైనా రాష్ట్రమందలి కేరీ పట్టణములో, మా అమ్మాయి ఇంట ఎదురైనది. కుమారుని పుట్టినరోజుకని ఆమె వసంతమున కొనియిచ్చిన వీనస్ ఫ్లైట్రాప్ మొక్క, వేసవియంతయు అరచేతి వెడల్పున పరచుకొని, నోళ్ళు తెరచుకొని కూర్చుండి, చీమ వాలినచో చీమను, సాలీడు నడచినచో సాలీడును మ్రింగుచు, ఇంటికి వచ్చిన తెలుగువారికెల్ల కాఫీకంటె ముందు చూపబడు వింతయై వెలసి, కార్తికము గడచునప్పటికి క్రుంగి, మార్గశిరము నాటికి మసిబారిన ఆకులతో పెరటి గుమ్మము ప్రక్కన దిక్కులేక పడియుండెను.

“నాన్నా, ఆ కుండీ చెత్తలో వేసేయనా? ఇంక లాభం లేదనుకుంటా” అని అమ్మాయి అడిగినది. ఎనిమిదేండ్ల మనుమడు మాత్రము కుండీకి అడ్డు నిలిచి, “నిన్న పుల్లతో ముట్టుకుంటే మెల్లిగా మూసుకుంది తాతయ్యా. చచ్చిపోతే మూసుకోదుగా?” అనెను.

పరీక్ష సరియైనదే. దానినుండి వాడు తీసిన నిర్ణయమును సరియైనదే. అయితే వేసవిలో కనురెప్పపాటున మూసుకొన్న ఆ నోరు ఇప్పుడు మెల్లగా ఏల మూసుకొన్నది? ఆకులు ఏల నల్లబడినవి? బ్రతికియున్న మొక్క చచ్చినదానివలె కనబడుటలో దానికేమి లాభము? ఆ నాడు వానికి రెండు ముక్కలలో చెప్పి సరిపెట్టితిని. తీరిక దొరికినది గనుక, ఇక్కడ సావకాశముగా చెప్పుచున్నాను.

పేరు ఈగలది, తిండి చీమలది

ఈ మొక్కను మనము ఈగబోను అందము. 1759లో, అప్పటికింకను ఆంగ్లేయుల వలసయైన ఉత్తర కరొలైనాను పాలించుచున్న ఆర్థర్ డాబ్స్ అను గవర్నరు, లండనులోని పీటర్ కాలిన్సన్ అను వృక్షప్రియునకు వ్రాసిన జాబులో దీని ప్రసక్తి మొదటిసారిగా కనబడుచున్నది. తొమ్మిదేండ్ల తరువాత జాన్ ఎల్లిస్ అను నారబట్టల వర్తకుడు, ప్రకృతిశాస్త్రమున అభినివేశము గలవాడు, దీనికి డయోనియా మస్కిపులా అని నామకరణము గావించెను. మొదటి మాట గ్రీకుల సౌందర్యదేవత తల్లి పేరునుండి పుట్టినది. రెండవ మాటకు లాటిను నిఘంటువులు చెప్పు అర్థము ఎలుకల బోను! ఈగయనబోయి ఎలుకయనెనో, పళ్ళు గల ఇనుప బోనును తలచుకొని బుద్ధిపూర్వకముగనే అట్లనెనో ఎల్లిసుకే యెరుక. పేరుతో వచ్చిన చిక్కు అంతటితో తీరలేదు. స్వస్థలమున ఈ మొక్క ఆకులను విప్పి చూచినవారికి అందు చిక్కియుండునవి ప్రధానముగా చీమలును సాలీళ్ళును. రెక్కలతో వచ్చి పడునవి బహు స్వల్పము. నేలనంటి పరచుకొన్న బోనులోనికి నడచి వచ్చువారే అధికముగా పడుదురనుట విచారించి చూచిన సహజమే.

ప్రపంచ ప్రసిద్ధమైన ఈ మొక్క సహజముగా పెరుగు చోటు మాత్రము మిక్కిలి యిరుకు. ఉత్తర కరొలైనాలోని విల్మింగ్టన్ అను రేవు పట్టణమును కేంద్రముగా చేసికొని సుమారు 120 కిలోమీటర్ల వ్యాసార్ధముతో ఒక వృత్తము గీచినచో, అందలి సముద్రతీర మైదానములలో, దక్షిణ కరొలైనా అంచును కొంత కలుపుకొని, ఇది స్వతస్సిద్ధముగా ఉన్న చోట్లన్నియు ఇమిడిపోవును. మన లెక్కలో విజయవాడనుండి రాజమహేంద్రవరము పోవునంత దూరము కూడ కాదు. అచ్చట పొడవైన సూదులవంటి ఆకులుగల లాంగ్‌లీఫ్ పైను వృక్షములు ఎడమెడముగా నిలిచియుండును. వాని నడుమ గడ్డి. గడ్డి క్రింద ఎల్లప్పుడు చెమ్మగిల్లియుండు ఇసుక. ఆ ఇసుకలో నత్రజని, భాస్వరము నామమాత్రము. మన రైతు చూచినచో ఎకరమునకు ఎన్ని బస్తాల యూరియా పోయవలెనో అని నిట్టూర్చి వెనుదిరుగును. ఈగబోను మాత్రము ఆ లోటును పురుగులతో పూడ్చుకొనుచున్నది. కొన్ని సంవత్సరముల కొకమారు గడ్డి నంటుకొని పోవు కార్చిచ్చు, నీడపెట్టు పొదలను తగులబెట్టి దీనికి సూర్యరశ్మిని చూపుచున్నది. నేడు ఆ పనిని అటవీశాఖవారు తామే పూనుకొని, హద్దులు కట్టి, తరచుగా శీతకాలమున నిప్పు పెట్టి చేయుచున్నారు.

ఈ అధ్యాయమునకు కావలసిన ముఖ్యాంశమొకటి: విల్మింగ్టన్ భూమధ్యరేఖకు ఉత్తరముగా 34 డిగ్రీల అక్షాంశముమీద నున్నది. వేసవి మన కోస్తావలెనే ఉక్కగా ఉండును; కాని జనవరి రాత్రులు సగటున 2 డిగ్రీల దరిదాపునకు దిగును, కొన్ని రాత్రులు సున్నకు క్రిందికిని పోవును.

ఆ జనవరిలోనే మనుమనిని వెంటబెట్టుకొని సముద్రపుటొడ్డున నున్న కరొలైనా బీచ్ స్టేట్ పార్కునకు పోయితిని. అందు ఫ్లైట్రాప్ ట్రెయిల్ అను పేర అరమైలు కాలిబాట గలదు. బోర్డు చదివి, రెండు ప్రక్కల చూచి, బాట చివరంట నడచి వచ్చితిమి. ఎండిన గడ్డి, పైను సూదులు, ఇసుక తప్ప ఏమియు లేదు. రెండవమారు మనుమడు మోకాళ్ళమీద కూర్చుండి, బాటమీదనుండియే వంగి, గడ్డి మొదళ్ళలోనికి చూచి కేకవేసినాడు. రూపాయి నాణెమంత గుత్తి ఒకటి నేలకరచుకొని యున్నది. వేసవిలో నిటారుగా లేచియుండు సన్నని కాడలు లేవు. వాని బదులు కురుచగా, వెడల్పుగా, నేలకు అతికించినట్లున్న కాడలు. ప్రతి కాడ కొనను పెసరగింజంత ఎర్రని బోను, సగము మూసికొని. చుట్టును మసియైన పాత ఆకులు. ముట్టవలదని బోర్డు హెచ్చరించుచున్నది గనుక వాడు చేయి వెనుకకు తీసికొన్నాడు. ఆ హెచ్చరిక వట్టి మర్యాద కాదు. దొంగలు రాత్రివేళ వచ్చి పెకలించుకొని పోవుచుండుటచే, అడవి ఈగబోనులను దొంగిలించుటను 2014 డిసెంబరు 1 నుండి ఆ రాష్ట్రము పెద్ద నేరముగా పరిగణించుచున్నది.

బోను ఖరీదెంత?

మొక్క ఏల పండుకొన్నదో తెలియవలెనన్న, అది మేలుకొనియుండుటకు ఎంత వ్యయమగునో మొదట తెలియవలెను.

ఆకు చివర రెండు తమ్మెలు, పుస్తకపు అట్టలవలె కీలుమీద తెరచుకొని యుండును. ప్రతి తమ్మె లోపలి ముఖమున సామాన్యముగా మూడేసి సన్నని వెండ్రుకలు గలవు. ఒక వెండ్రుక ఒకమారు కదలిన ఏమియు జరుగదు. వాన చినుకు పడినను కదలును గదా! సుమారు ఇరువది సెకండ్లలోపల రెండవమారు కదలినప్పుడే తమ్మెలు చప్పున మూసుకొనును. అందుకు పట్టు కాలము సెకండులో పదవవంతు. పిదప లోపల చిక్కిన జీవి పెనుగులాడుచు వెండ్రుకలను మరల మరల కదలించినచో, అయిదవ స్పర్శ నాటికి జీర్ణరసములు స్రవించుటకు ఉత్తరువులు పోవును. ఈ లెక్కింపును జర్మనీలోని వూర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు 2016లో వివరముగా వెల్లడించిరి. ఆకులో నడచు ఈ వార్త విద్యుద్రూపమున పోవునని మాత్రము 1873లోనే, డార్విను ప్రోత్సాహముచే, బర్డన్ సాండర్సన్ అను శరీరశాస్త్రజ్ఞుడు కొలిచి చూపెను. మన నరములలో నడచు తరంగమువంటిదే నరమెరుగని ఆకులో నడచుట ఆ కాలమువారిని ఎంత నివ్వెరపరచియుండునో ఊహించుకొనవచ్చును.

ఇదంతయు ఉచితముగా జరుగదు. తమ్మెలు మూసుకొన్నప్పుడు జీవకణముల చేతి చిల్లరయనదగిన ఏటీపీ అను శక్తిద్రవ్యము తగ్గిపోవుట 1973 నాటి కొలతలలో బయటపడినది. మూసుకొన్న ఆకు రసములను వండి, పీల్చి, మరల తెరచుకొనుటకు వారము పదిదినములు పట్టును. ఇట్లు మూడు నాలుగు భోజనములైన పిమ్మట ఆ బోను పని ముగిసి నల్లబడును. అంతకంటె పెద్ద ఖర్చు కంటికి కనబడనిది. ఆకు అనగా మొక్కకు వంటయిల్లు. ఎండను, గాలిని, నీటిని కలిపి చక్కెర చేయు తావు. ఆకులో కొంత భాగమును బోనుగా మలచుట, వంటయింటిలో సగము గోడకట్టి ఆయుధాగారము చేయుటవంటిది. థామస్ గివ్నిష్ అను వృక్షశాస్త్రజ్ఞుడు తన సహచరులతో 1984లో ఈ జమాఖర్చును విప్పి చెప్పెను: ఎండ పుష్కలముగా, నీరు పుష్కలముగా ఉండి, మట్టిలో పోషకములు మాత్రమే కొరవడిన చోటనే కీటకాహారము గిట్టుబాటగునని ఆయన వాదము. ఎండయో నీరో తగ్గినచో చిక్కిన చీమ విలువకంటె చిక్కించుకొన్న బోను వెలయే అధికమగును.

ఈ లెక్కను స్థలమునకు గాక కాలమునకు వర్తింపజేసి చూడుడు. విల్మింగ్టన్ దగ్గర డిసెంబరులో ప్రొద్దు కురుచ, ఎండ ఏటవాలుగా పడును, చలికి చీమలు పుట్ట వెడలవు, సాలీళ్ళు కానరావు. వేసవిలో గిట్టుబాటైన వ్యాపారము ఇప్పుడు నిండు నష్టము. కాకినాడ రేవులో మరపడవ యజమాని, చేపలు తెగిపోయిన దినములలో ఏమి చేయునో తలచుకొందము. డీజిలుకెంత, మంచుగడ్డకెంత, కళాసీల బత్తెమెంత అని వ్రేళ్ళు మడచి, వచ్చు చేప ఆ ఖర్చునైన రాబట్టదని తేలినచో పడవను లంగరు వేయించి, వలలు మడత పెట్టించును. పడవ మునిగినదని ఎవరును అనుకొనరు. ఈగబోను కూడ ఖరీదైన వలలను మడచి, పాతవానిని విడిచిపెట్టి, ఒడ్డున కూర్చుండుచున్నది. నల్లబడిన ఆకులు వృథాగా పోలేదు. వాడుకొనదగిన సారమును మొక్క వీలైనంతవరకు లోనికి లాగికొన్న పిదప మిగిలిన పిప్పి అది.

రాత్రిని కొలుచు గడియకుడుక

పడవ యజమానికి రేవులో చేపల ధర చెప్పు మనుష్యులున్నారు. మొక్కకు చలికాలము వచ్చుచున్నదని ముందుగా చెప్పువారెవరు? చలి తానే చెప్పునందురా, అది నమ్మదగిన దూత కాదు. అక్టోబరులో ఒక చలిగాలి వీచి మరునాడే ఉక్కబోయవచ్చును. జనవరి నడుమ నాలుగు వెచ్చని దినములు వచ్చి మోసగింపవచ్చును. ఏటేట తేదీ తప్పక నడచునది ఒక్కటే: పగటి నిడివి. విల్మింగ్టనులో జూను మాసాంతపు పగలు సుమారు 14 గంటల 25 నిమిషములు. డిసెంబరు మాసాంతపు పగలు 10 గంటలకు కొంచెము తక్కువ. నాలుగున్నర గంటల వ్యత్యాసము గుడ్డివానికిని తెలియును.

మొక్కలు పగటి నిడివిని గమనించునని 1920లో లోకమునకు చెప్పినవారు అమెరికా వ్యవసాయశాఖలోని గార్నర్, అలార్డ్ అను ఇరువురు. వారికి తలనొప్పి తెచ్చినది ఒక పొగాకు రకము. మేరిలాండ్ మామత్ అను ఆ పొగాకు వేసవియంతయు మనిషిని మించి ఎదుగుచుండెడిదేకాని పూయకుండెడిది. ఎరువు మార్చి చూచిరి, తడి మార్చి చూచిరి, ఫలము లేదు. తుదకు మొక్కలను సాయంకాలము కాకమునుపే చీకటికొట్టులోనికి చేర్చి, మరునాడు ప్రొద్దెక్కిన తరువాత వెలికి తీయసాగిరి. అప్పుడు నడివేసవిలోనే పూచినది. 1938లో హామ్నర్, బానర్ అనువారు మరియొక మెలిక కనుగొనిరి: నడిరేయి కొద్ది నిమిషములు దీపము వెలిగించినచో మొక్క లెక్క తప్పును. అనగా అది నిజముగా కొలుచునది పగటిని కాదు, ఎడతెగని చీకటిని. వీధి దీపముల క్రింది చెట్లు శీతలదేశములలో తోటి చెట్లకంటె ఆలస్యముగా ఆకు రాల్చుటకు కారణమిదియే.

చీకటిని కొలుచు పనిముట్టులో ఒక భాగము 1959లో చేజిక్కినది. ఫైటోక్రోము అని పేరు పెట్టిన ఆ వర్ణద్రవ్యమును మనము వెలుగుపసరు అందము. దీనికి రెండు రూపములు గలవు. పగటి వెలుతురులోని ఎరుపు తగిలినంతనే ఒక రూపము రెండవదిగా మారును. చీకటి పడినంతనే ఆ రెండవది నెమ్మదిగా తరుగుచు వచ్చును. మన పెండ్లిండ్లలో ముహూర్తము చూచుటకు వాడిన గడియకుడుక ఇట్టిదే గదా! అడుగున సన్నని బెజ్జము గల రాగి కుడుకను నీళ్ళపై తేల్చిన, నీరు లోనికెక్కి అది మునుగుటకు గడియ, అనగా 24 నిమిషములు పట్టును. పురోహితుడు కుడుకను ఎత్తి మరల తేల్చినట్లు, తెల్లవారిన వెలుతురు వెలుగుపసరును ఎత్తి మరల తేల్చును. కుడుక ఒక్కటియే చాలదు, మునిగిన కుడుకలను లెక్కించుటకు పురోహితుడును ఉండవలెను. మొక్కలో ఆ పురోహితుడు, ఇరువదినాలుగు గంటల తాళముతో నడచు లోగడియారము. రెండును ఏకవాక్యముగా రాత్రి పెరుగుచున్నదనినప్పుడు, పైగా చలి కూడ సాక్ష్యమిచ్చినప్పుడు, పెరుగుదలను తరుమునట్టి రసములు తగ్గి, నిలువరించునట్టి రసములు హెచ్చును.

నిద్ర యనుమాటను ఇంతవరకు తేలికగా వాడుచు వచ్చితిని. శాస్త్రజ్ఞులు దీనిని డార్మెన్సీ అందురు, మనవారు సుప్తావస్థ యనిరి. ఇందు రెండు తెగలున్నవి. వాన కురియుచున్నదని అంగడి తలుపు వేసికొన్నవాడు వాన వెలియగానే తీయును; మాల వేసికొని శబరిమల పోయినవాని అంగడి మాత్రము ఎంత ఎండ కాసినను, వాడు తిరిగివచ్చువరకు తెరువబడదు. మొదటిది పరిస్థితి వలని నిద్ర, రెండవది లోపలి కట్టడి వలని నిద్ర. ఆపిలు మొగ్గది రెండవ తెగ. చల్లని గంటలు తగినన్ని గడచినవని తేలనిది అది కన్ను విప్పదు, కనుకనే కాశ్మీరపు ఆపిలు అంటును తెచ్చి గుంటూరులో నాటినవానికి ఆకులే గతి. ఈగబోను ఈ రెంటికి నడుమ నున్నది. చలికాలమున సైతము కొన్ని ఆకులను పచ్చగా నిలుపుకొని, వెచ్చని మధ్యాహ్నమున ముట్టినచో బద్ధకముగా మూసుకొనుట మా మనుమడు చూచినదే. అది గాఢనిద్ర కాదు. తలుపు ఓరగా వేసికొని తీసిన కునుకు.

పసుపు కొమ్మువంటి కొమ్ము

మట్టి త్రవ్వి చూచినచో అసలు మొక్క కనబడును. పైన కనబడిన ఆకులు దానికి చేతులు మాత్రమే. క్రింద, చిటికెన వ్రేలంత తెల్లని దుంప ఒకటి అడ్డముగా పడుకొని యుండును. ఉబ్బిన ఆకు మొదళ్ళు ఒకదానిపై ఒకటి కప్పుకొని యుండుటచే చూచుటకు ఉల్లిగడ్డవలె తోచును గాని, పనిలో అది మన పసుపు కొమ్మునకు, అల్లపు కొమ్మునకు చుట్టము. వృక్షశాస్త్రమున రైజోము అను పారిభాషిక పదమునకు మన రైతులు ఏనాడో కొమ్ము అను చక్కని మాటను చేసిపెట్టిరి.

దుగ్గిరాలలోనో నిజామాబాదులోనో పసుపు పండించువానికి సుప్తావస్థను గూర్చి ఉపన్యసించుట హాస్యాస్పదము. వానకారున నాటిన పసుపు సంక్రాంతి దాటునప్పటికి ఆకు పండి వాలిపోవును, చేను చచ్చినట్లుండును, కొమ్ము మాత్రము క్రింద నిక్షేపముగా ఉండి, విత్తనమునకు దాచినది మరల తొలకరికి మొలక వేయును. కంద సంగతియు ఇంతే. మన మొక్కలు పండుకొనునది ఎండకు వెరచి, నీరు లేని నెలలలో. ఈగబోను పండుకొనునది చలికి. శత్రువు వేరైనను కోట ఒక్కటే. దాని దగ్గరి బంధువులు కొందరు మన నేలమీదనే ఇంకొక ఉపాయము పన్నిరి: జిగురు బిందువులతో పురుగులను పట్టు డ్రోసెరా ఇండికా, వానలు వెలిసిన పిమ్మట తెలుగుదేశపు చెమ్మనేలలలో తలయెత్తి, వేసవికి ముందే పూచి కాచి, తాను చచ్చి గింజలను మాత్రము మట్టిలో విడిచిపోవును. అది కొమ్మునే నమ్ముకొనదు.

కొమ్ములో దాచినది పిండిపదార్థము. చలి ముదిరినప్పుడు చలికి ఓర్చు మొక్కలు చాలవరకు ఈ పిండిలో కొంత చక్కెరగా మార్చుకొనును. నమ్మకము చాలనివారు ఆలుగడ్డలను పదిదినములు ఫ్రిజ్జులో ఉంచి వేపుడు చేసి చూడవచ్చును. ముక్క తియ్యబడును, మూకుడులో త్వరగా మాడును. చలికి ఆలుగడ్డలోని పిండి చక్కెరయైనదనుటకు అంతకంటె సాక్ష్యమక్కరలేదు. ఈ మార్పు వలన ప్రయోజనమేమనగా, మంచుపెట్టెలో పక్కపక్కనే నీళ్ళగిన్నెను, బెల్లపు పాకము గిన్నెను ఉంచినచో నీరు గడ్డకట్టిన చాలసేపటికిని పాకము జారుచునే యుండును. కణములో నీరు గడ్డకట్టి సూదులుగా మారినచో పొరలను చీల్చి కణమును చంపును. పాకమైన రసము అంత సులభముగా గడ్డకట్టదు. న్యూజెర్సీ పైను అడవులలో మనుష్యులు నాటిన ఈగబోనులు, స్వస్థలముకంటె మిక్కిలి క్రూరమైన శీతకాలములను దాటుచున్నవన్న, ఈ ఏర్పాటు ఎంత గట్టిదో తెలియును.

చలి చేయు మేలు మరియొకటి గలదు. నా దృష్టిలో ఇదియే అన్నిటికంటె ముఖ్యమైనది. పండుకొన్న మొక్కయు ఊపిరి తీయును, ఊపిరి తీయుటకు దాచిన పిండిని కాల్చును. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గినచో ఈ మంట దాదాపు సగమునకు తగ్గును. 5 డిగ్రీల రాత్రి గడపిన కొమ్ము ఖర్చుపెట్టినదానికి, 25 డిగ్రీల రాత్రి గడపినది సుమారు నాలుగింతలు ఖర్చుపెట్టును. రాబడి లేని నెలలలో చల్లదనమే పొదుపు. చలి అనగా మొక్కకు శిక్షయని మనమనుకొందుము. ఉష్ణదేశపువారము గనుక అట్లు తోచును. ప్రయోగశాలలో సీసాలలో పెంచు ఈగబోను పిల్లలకు శీతకాలము చూపకున్నను అవి ఏండ్ల తరబడి పెరుగుచునే యుండును. ఏలన, అచ్చట వానిని నాటిన జిగురులోనే చక్కెర కలిపియుందురు. తండ్రి సొమ్ము తినువానికి పొదుపెందుకు?

కూరగాయల అరలో మూడు నెలలు

హైదరాబాదు తిరిగివచ్చిన పిదప నేనును ఒక ఈగబోనును తెప్పించితిని. మొదటిది రెండు నెలలలో చచ్చినది. నేరము చలిలేమిది కాదు, మా బోరునీటిది. లవణములెరుగని ఇసుకలో పుట్టినదానికి ఉప్పునీరు విషతుల్యము. మన ఊళ్ళలో చచ్చు ఈగబోనులలో చాల భాగమును చంపునది ఈ నీరేయని నా అభిప్రాయము. వాననీరో, ఏసీ గొట్టమునుండి కారు నీరో పట్టి పోసినచో ఆ గండము గడచును. రెండవది ఆ గండము గడచి, డిసెంబరులో చిక్కుపడినది. మన డిసెంబరు పగలు 11 గంటలకు కొంచెము పైననే. రాత్రి చలి సామాన్యముగా 15 డిగ్రీల చెంత ఆగిపోవును. వెలుగుపసరు ఒకటి చెప్పుచుండగా చలి మరియొకటి చెప్పినది. అది పండుకొనలేదు, మేలుకొననులేదు. చిన్న చిన్న ఆకులు వేయుచు, బోనులు పూర్తిగా విచ్చకయే వాడ్చుకొనుచు, మరుసటి వేసవికి దర్భపుల్లవలె సన్నబడినది.

మూడవ మొక్కకు పెంపకందార్ల పద్ధతి అవలంబించితిని. నవంబరు చివర ఎండిన ఆకులు కత్తిరించి, కొమ్మును కుండీనుండి తీసి వాననీట కడిగి, పిండిన స్ఫాగ్నము నాచులో చుట్టి, ప్లాస్టికు సంచిలో పెట్టి, ఫ్రిజ్జులో కూరగాయల అర యందుంచితిని. మంచుపెట్టెలో గాదు, ఆ చలికి అది చచ్చును. అరలో 5 డిగ్రీల దరిదాపున నుండును, వెలుతురు లేకున్నను కొమ్మునకు కొదువ లేదు. “కొత్తిమీరకే చోటు లేదు, పురుగులు తినేదాన్ని తెచ్చి కూరల మధ్య పెడతారా?” అని మా ఆవిడ మండిపడినది. అది ఇప్పుడు ఏమియు తినదని ఎంత చెప్పినను, సంచిమీద మరొక సంచి తొడిగించి గాని ఊరుకొనలేదు. పదిహేను దినముల కొకసారి విప్పి, బూజు పట్టినదేమో చూచుచుంటిని. ఒకమారు పాత ఆకు మొదట బూడిదరంగు బూజు కనబడగా ఆ భాగమును గిల్లివేసితిని. తక్కిన కొమ్ము తెల్లగా, బిర్రుగా ఉండెను. వ్రేలితో నొక్కిన గట్టిగా నున్నచో బ్రతికియున్నట్లు, మెత్తగా గోధుమరంగున జారినచో పోయినట్లు. నాడి చూచుటయన్న ఇదియే.

పన్నెండు వారములకు, ఫిబ్రవరి నడుమ, కొమ్మును కుండీలో నాటి, మొదట నీడలో, తరువాత ప్రొద్దుటి ఎండలో ఉంచితిని. పదునైదవ నాటికి గుత్తి నడుమ పాము పడగ చుట్టినట్లు ముడుచుకొన్న లేత ఆకు లేచినది. దాని కొననున్న బోను ఇంకను తెరచుకొనలేదు, అంచు పళ్ళు ఒకదానిలో ఒకటి లోనికి మడచియే యున్నవి.

కేరీలో మా మనుమని మొక్కయు ఆ వసంతమున మేలుకొన్నది. కుండీ చెత్తలోనికి పోలేదు. ఏప్రిలు చివర గుత్తి నడుమనుండి గుండుసూది తలవంటి మొగ్గతో ఒక కాడ పైకి రాసాగెను. బోనులు పెరుగక మునుపే, చలికాలమంతయు పొదుపు చేసిన పిండిని వెచ్చించి, పూలకాడను జానెడెత్తు లేపుట ఈ మొక్క అలవాటు. పూలమీద వాలు తేనెటీగలు క్రిందనున్న నోళ్ళ జోలికి పోవలసిన పని అందువలన తగ్గును. బోనులు పెద్దవిగా కావలెనన్న ఆ కాడను మొదటనే త్రుంచుడని పెంపకందార్లు చెప్పుదురు. నేనును ఫోనులో అదే చెప్పితిని. “అంత కష్టపడి దాచుకుంది పువ్వు కోసమేగా తాతయ్యా” అని వాడు కత్తెరను దాచివేసెను. తెల్లని పూలు అయిదు పూచినవి, నల్లని మెరుగుగింజలు రాలినవి. బోనులు మాత్రము జూలై దాటువరకు పెసరగింజంతనే యుండెనట.